ఆకలి పుట్టిన తర్వాతే ఆముదం: మోకాళ్ల నొప్పి, అజీర్ణం కలిసి ఉన్న ఒక రోగికి చేసిన చికిత్స

అనంతపురంలో నా ఆయుర్వేద వైద్యశాలకు మోకాళ్ల నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఏ నూనె రాయాలి, ఏ కషాయం తాగాలి అనే. కడుపు సంగతి తమంతట తాము చెప్పేవారు తక్కువ. అడిగితే మాత్రం తిన్నది అరగడం లేదని, మూడు రోజులకోసారి గాని విరేచనం కావడం లేదని, నోటికి రుచి పోయిందని ఒక్కొక్కటే బయటికి వస్తాయి. కీళ్ల నొప్పికి మా శాస్త్రంలో చెప్పిన మందులన్నీ ఒక వరుసలో ఇవ్వవలసినవని, ఆ వరుస ఆకలితో మొదలవుతుందని నేను నమ్ముతాను. ఆ నమ్మకం ఒక రోగి విషయంలో ఎలా నిలిచిందో, దాన్ని పట్టుకొని నడిచే తొందరలో నేను ఏ ప్రశ్న అడగడం మరిచి ఆమెను ప్రమాదంలోకి నెట్టానో రెండూ దాచకుండా రాయడం కోసమే ఈ వివరణ. రోగి, ఆమె కుటుంబం అనుమతితో, ఊరి పేరు, మనిషి పేరు లేకుండా రాస్తున్నాను.

2023 జూలై చివరి వారంలో, కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి 53 ఏళ్ల మహిళ తన కోడలితో కలిసి వచ్చింది. మూడు ఎకరాల మెట్ట చేను ఉంది. చెనక్కాయ చేలో కలుపు తీయడం, కాయ పీకడం, ఇంటికి వచ్చాక గొంతుకూర్చొని కాయలు ఒలవడం చిన్ననాటి నుంచి చేస్తున్న పని. కుడి మోకాలు మూడేళ్లుగా, ఎడమ మోకాలు ఏడాదిన్నరగా నొప్పి. పొద్దున లేచాక కాళ్లు పట్టేసి, పదిహేను ఇరవై నిమిషాలు అటూ ఇటూ నడిస్తే గాని సడలేవి కావు. నేల మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చేయి అందించాలి. నొప్పి ఎంత అని పది అంకెల లెక్కలో అడిగితే ఎనిమిది అని చెప్పింది.

కడుపు గురించి నేను అడిగిన తర్వాతే చెప్పింది. "సంగటి తిన్నాక కడుపులో బండ పెట్టినట్లుంటాది సార్, పొద్దు గూకినా అరగదు. ఆకలనేదే తెలీదు, యాళ అయింది గదా అని తింటాండా." నాలుక మీద తెల్లటి మందపు పూత, తేన్పులో తిన్నదాని వాసన, జిగటగా నీటిలో మునిగే విరేచనం, ఒళ్లంతా బరువు, పైకడుపులో అప్పుడప్పుడు మంట. మొదటి నాలుగూ ఆమం ఉన్నదని చెప్పే గుర్తులు. చివరిది మాత్రం ఆమె రెండేళ్లుగా వాడుతున్న డైక్లోఫెనాక్ నొప్పి మాత్రల పని అనిపించింది. ఊళ్లోని మందుల దుకాణంలో చీటీ లేకుండానే కొని, పని ఉన్న రోజున ఒకటి, ఎక్కువ పని ఉన్న రోజున రెండు మింగేది.

ఆమం అంటే ఏమిటో ఇక్కడ ఒక మాట చెప్పాలి. జఠరాగ్ని మందగించినప్పుడు తిన్నది పూర్తిగా పచనం కాక మిగిలే పచ్చి రసాన్ని శాస్త్రం ఆమం అంటుంది. అది వాతంతో కలిసి కీళ్లలో చేరి వాపు, బిగువు, నొప్పి కలిగించే స్థితి ఆమవాతం. మాధవ నిదానం దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. కీలు అరిగి, కదిపినప్పుడల్లా నొప్పిచ్చే సంధివాతం వేరు. గాలి నింపిన తోలుతిత్తిని తాకినట్టు ఉండే వాపుతో, ముడిచినా చాచినా నొప్పితో అది ఉంటుందని చరక సంహిత వాతవ్యాధి ప్రకరణం చెబుతుంది. పుస్తకంలో ఈ రెండూ వేర్వేరు. మా ప్రాంతంలో పని చేసే ఆడవాళ్ల మోకాళ్లలో మాత్రం అరుగుదల మీద ఆమం పేరుకొని, రెండూ కలిసే కనిపిస్తాయి. అలాంటప్పుడు అరుగుదల కోసం మొదటి రోజునే నూనె పట్టిస్తే ఆమం పెరిగి వాపు ఎక్కువవుతుంది. ఈమె కూడా రాత్రిపూట కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె మర్దనా చేయించుకొనేది, ఉదయానికి మోకాలు ఇంకా బిగిసేది. నూనె చాలడం లేదేమోనని మరింత పట్టించేవారు.

మూలిక ఎంత మంచిదైనా రోగం ఏమిటో తేలకుండా ఇవ్వకూడదు కాబట్టి పరీక్షలకు పంపాను. హిమోగ్లోబిన్ 9.4, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ 24, యూరిక్ ఆమ్లం 5.2, మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్ 0.9, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ 3.1 వచ్చాయి. వాపుతో కూడిన రుమటాయిడ్ కీళ్ల జబ్బును పట్టిచ్చే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ లేవు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.9, అప్పటివరకు చక్కెర జబ్బు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. మలంలో కనపడని రక్తం ఉందేమో చూడమంటే లేదని వచ్చింది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు సందు స్పష్టంగా తగ్గింది, అంచుల్లో ఎముక మొనలు లేచాయి. బరువు 71 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు.

అనంతపురం జిల్లాలో కీళ్ల నొప్పిని చూసే వైద్యుడు, ఏ పద్ధతి వైద్యుడైనా సరే, ఫ్లోరైడ్ సంగతి అడగకుండా ముందుకు పోకూడదు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చునని భారతీయ ప్రమాణం. మా బోరు నీళ్లలో చాలాచోట్ల అది దాటుతుంది. ఏళ్ల తరబడి ఆ నీరు తాగితే ఎముక గట్టిపడి, స్నాయువులు సున్నం పట్టి, వెన్ను వంగనివ్వని స్థితి వస్తుంది. దానిని వాతమనుకొని కషాయాలు పోస్తూ కూర్చుంటే కాలం వృథా. ఈమె ఊరికి 1990 దశకంలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం నీరు ఇంటికి అందుతుంది గాని, పగలంతా చేనిలో బోరు నీరే తాగేది. ఆ నీటిని పరీక్షకు పంపితే 1.9 వచ్చింది. గడ్డాన్ని ఛాతీకి ఆనించమన్నాను, రెండు చేతులూ తల వెనక పెట్టమన్నాను, నడుము వంచి నేల అందుకోమన్నాను. మూడూ చేయగలిగింది. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడుమ పొర సున్నం పట్టలేదు. కాబట్టి ఫ్లోరోసిస్ ప్రధాన కారణం కాదని నిర్ణయించి, ఇంటి నుంచి నీళ్లు తీసుకుపోవాలని మాత్రం గట్టిగా చెప్పాను.

మొదటి వారం ఇచ్చిన మందు చాలా చిన్నది. ఐదు గ్రాముల శొంఠి, పది గ్రాముల ధనియాలు నలగ్గొట్టి, పదహారు రెట్లు నీరు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా సన్నని సెగ మీద కాచి, వడకట్టి, పూటకు అంత చొప్పున రెండు పూటలా భోజనానికి గంట ముందు. ఆమం ఉన్న చోట హింగ్వాష్టక చూర్ణం నాకు బాగా అలవాటైన మందు. వేడి అన్నంలో మొదటి ముద్దకు నేతితో కలిపి తింటే ఉబ్బరం బాగా తగ్గిస్తుంది. కానీ పైకడుపులో మంట ఉన్న మనిషికి ఇంగువ, మిరియాలు, పిప్పళ్లు మొదటి రోజునే పెట్టడం నాకు నచ్చలేదు. శొంఠి పచనం చేస్తుంది, ధనియం ఆ వేడిని అదుపులో పెడుతుంది. పచ్చి అల్లం ఆరి శొంఠి అయ్యేటప్పుడు అందులోని జింజరాల్ అనే ఘాటు పదార్థం కొంత షోగాల్ అనే మరో పదార్థంగా మారుతుంది. శొంఠిని అల్లం కంటే భిన్నమైన మందుగా మన పెద్దలు చూడడానికి ఆధారం ఇందులో కొంత కనిపిస్తుంది.

తిండిలో మార్పు మందుకంటే పెద్దది. రాత్రి పెద్ద ముద్ద రాగి సంగటి, పక్కన ఊరుబిండి, తర్వాత పెరుగు తినేది. సంగటి మానమనలేదు. రాయలసీమలో ఒళ్లు వంచి పని చేసే మనిషిని సంగటి మానమంటే ఆ మాట ఇంటి గడప దాటకముందే మరిచిపోతారు. దానిని మధ్యాహ్నానికి మార్చి, రాత్రికి పొద్దు గూకకముందే కొర్ర జావ గాని, పలుచని పెసరకట్టుతో కొంచెం కొర్రన్నం గాని తినమన్నాను. రాత్రి పెరుగు, సంతరోజు ఉగ్గాణి బజ్జీ కొన్నాళ్లు వద్దన్నాను. మోకాళ్లకు నూనె పూర్తిగా ఆపించి, ఇసుకను మంగలంలో వేయించి గుడ్డలో మూటకట్టి పొడి కాపడం పెట్టించాను.

ఆమెకు చదువు రాదు, కోడలికి తీరిక లేదు. ఆకలి వచ్చిందో లేదో రోజూ రాసి పెట్టడం కుదరదు. అందుకని ఒక చిన్న రేకు డబ్బా పెట్టుకొని, ఏ రోజైనా భోజనానికి ముందు నిజంగా ఆకలేస్తే ఆ రోజు అందులో ఒక చెనక్కాయ వేయమన్నాను. వేళ అయిందని తింటే వేయకూడదు. ఈ ఉపాయం ఆమెకు నచ్చింది, నాకూ అంతకంటే నమ్మదగిన కొలత ఇంకొకటి దొరకలేదు.

నేను చేసిన పొరపాటు ఆ మొదటి రోజుదే. "ఇంగ్లీషు మందులు ఏమేమి వాడుతున్నారమ్మా?" అని అడిగాను. డైక్లోఫెనాక్ అట్ట చూపించింది. పైకడుపు మంట, తక్కువ హిమోగ్లోబిన్ చూసి, "ఇవీ, ఇంకేమైనా ఉంటే అవీ అన్నీ ఈ రోజు నుంచే ఆపేయండి" అని చెప్పి పంపాను. ఆరో రోజు ఉదయం కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ మంచం మీద నుంచి లేవలేకపోతోంది, రెండు సార్లు వాంతి అయింది, నిలబెడితే కళ్లు తిరుగుతున్నాయి, మోకాళ్లే కాక ఒళ్లంతా నొప్పులు. రాత్రి జావ మీద ఉంచడం వల్ల వచ్చిన నీరసమేమోనని ఒక్క నిమిషం అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది. వెంటనే తీసుకురమ్మన్నాను.

వచ్చేసరికి బీపీ 90/60, నాడి వేగంగా, సన్నగా ఉంది. కోడలు తన చేతిసంచిలోంచి పాత వార్తాపత్రిక ముక్కల్లో మడిచిన పొట్లాలు తీసి బల్ల మీద పెట్టింది. లేత గోధుమరంగు పొడి, పైన పేరు లేదు, తయారుచేసినవారి వివరం లేదు. వారపు సంతలో ఒకరి దగ్గర పద్నాలుగు నెలలుగా కొంటున్నారట. రోజూ ఉదయం ఒక పొట్లం తేనెతో. "అది మందు కాదు గదా సార్, నాటు మందే గదా, ఆకులూ వేర్లే అన్నాడు" అంది కోడలు. నేను ఇంగ్లీషు మందులని అడిగాను కాబట్టి వాళ్లు చెప్పలేదు. అన్నీ ఆపమన్నాను కాబట్టి నమ్మకంగా ఆపేశారు.

అప్పుడు ఆమె ముఖం మళ్లీ చూశాను. బుగ్గలు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. మొదటి రోజున దానిని స్థూలకాయమని రాసుకున్నాను. ముంజేతుల మీద ఊదారంగు మచ్చలుంటే చేను పనిలో తగిలిన దెబ్బలని రాసుకున్నాను. కొత్తగా కనిపించిన చక్కెరకు వయసు, బరువు కారణమనుకున్నాను. మూడింటినీ ఒకచోట పెట్టి చూస్తే స్టెరాయిడ్ ఎన్నాళ్లుగానో ఒంట్లోకి పోతోందని చెప్పే గుర్తులవి. బయటి నుంచి స్టెరాయిడ్ నెలల తరబడి అందితే శరీరం తనంతట తాను కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్‌ను తయారుచేయడం తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అది నా చేతి మందుతో తీరేది కాదని ఆ క్షణమే తెలుసుకొని, పట్టణంలో జనరల్ మెడిసిన్ వైద్యుని దగ్గరికి చీటీ రాసి, ఆటోలో నేనూ వెంట వెళ్లాను. అక్కడ తీసిన రక్తంలో కార్టిసాల్ 2.8 మాత్రమే వచ్చింది. సెలైన్, హైడ్రోకార్టిసోన్ సూది మందుతో మూడు రోజుల్లో కోలుకుంది. తర్వాత ఆ వైద్యుడు తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో మొదలుపెట్టి, నెలనెలా కొంచెం తగ్గిస్తూ నవంబరు చివరికి ఆపారు. ఆపిన తర్వాత ఉదయపు కార్టిసాల్ 11. పొట్లంలోని పొడిని మేము ప్రయోగశాలకు పంపలేదు. అందులో ఏముందో కాగితం మీద తేలలేదు గాని, ఈ మనిషికి స్టెరాయిడ్ చేరగల దారి ఆ పొట్లం తప్ప మరొకటి కనిపించలేదు.

ఆయుర్వేద మందు ఏదైనా సరే, అమ్మేటప్పుడు సీసా మీద గాని డబ్బా మీద గాని తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, అందులోని ద్రవ్యాల పేర్లు ఉండాలని ఔషధ చట్టపు నిబంధనలు చెబుతున్నాయి. ఇవేమీ లేని పొడి రెండు రోజుల్లో నొప్పిని మాయం చేసిందంటే సంతోషించవద్దని, భయపడాలని నా రోగులందరినీ వేడుకుంటున్నాను. ఏ మూలికా కీలు నొప్పిని రెండు రోజుల్లో తుడిచిపెట్టదు. ఆ రోజు నుంచి నా ప్రశ్న మార్చుకున్నాను. ఏ మందులు వాడుతున్నారని అడగను. పొద్దున లేచింది మొదలు పడుకొనేదాకా నోట్లోకి పోయేవన్నీ, ఒంటికి రాసేవన్నీ సంచిలో వేసుకొని రమ్మంటాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ వైద్యుని సమ్మతితోనే చికిత్స తిరిగి మొదలుపెట్టాను. నొప్పికి మరీ అవసరమైతే పారాసిటమాల్ వేసుకోవచ్చునని, డైక్లోఫెనాక్ వద్దని ఆయన చెప్పారు. రక్తహీనతకు ఇనుము మాత్రలు ఇచ్చారు. నేను ధనియాలు శొంఠి కషాయమే మరో రెండు వారాలు కొనసాగించాను. మళ్లీ మొదలుపెట్టిన వారంలో డబ్బాలో రెండు చెనక్కాయలు పడ్డాయి, రెండో వారంలో నాలుగు. నాలుగో వారానికి ఏడూ పడ్డాయి. నాలుక పూత అంచుల నుంచి తగ్గుతూ వచ్చి మధ్యలో పలచగా మిగిలింది. తేన్పులో వాసన పోయింది. "మధ్యాన్నం కడుపు కాల్తాంది సార్, ఎవురు పిలవకుండానే పళ్లెం కాడికి పోతాండా" అని ఆమె చెప్పిన రోజున, ఇక కీళ్ల మందు మొదలుపెట్టవచ్చునని నిర్ణయించాను.

ఆ మందు రాస్నాసప్తక కషాయం. రాస్న, తిప్పతీగ, రేల, దేవదారు, పల్లేరు, ఆముదపు వేరు, అటికమామిడి అనే ఏడు ద్రవ్యాలను కాచి, శొంఠి పొడి చల్లి తాగడం దాని పద్ధతి. ఇందులో రాస్న అంటే ఉత్తరాదిలో ఒక మొక్క, దక్షిణాదిలో మరొకటి. మనం వాడేది దుంపరాష్ట్రం. తిప్పతీగ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. దానిని పోలిన మరో తీగ ఉంది, దాని కాండం నిండా బుడిపెలు ఉంటాయి. ఆ తేడా తెలియకుండా కంచె మీద కనిపించిందల్లా కోసుకొచ్చి నెలల తరబడి తాగినవారికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. నేను కాండం అడ్డంగా కోసి, చక్రంలోని ఆకుల్లా విడిపోయిన గీతలు చూసి, పొర ఒలిచి పచ్చదనం చూసి గాని తీసుకోను. అయినా ముందొకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి కాలేయ పరీక్ష చేయించాను. రెండుసార్లూ సరిగానే ఉంది.

కషాయం వారం రోజులు ఇమిడిన తర్వాత ఆముదం చేర్చాను. శరీరమనే అడవిలో తిరిగే ఆమవాతమనే మదపుటేనుగుకు ఆముదం ఒక్కటే సింహమని మా శాస్త్రంలో ఒక ప్రసిద్ధమైన పోలిక ఉంది. ఆ పోలిక చదివి ఉత్సాహపడి మొదటి రోజునే పెద్ద మోతాదు పోసేవారిని చూశాను. ఆకలి లేని కడుపులో ఆముదం అరగక, వికారం పుట్టించి, నీళ్ల విరేచనాలతో మనిషిని పడేస్తుంది. ఈమె అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి. నీళ్లు పోతే తట్టుకోలేదు. అందుకే పూర్తి విరేచన కర్మ తలపెట్టలేదు. రాత్రి భోజనమైన రెండు గంటలకు 5 మిల్లీలీటర్ల ఆముదం, గోరువెచ్చని కషాయంలో కలిపి, వారానికి మూడు రోజులు మాత్రమే ఇచ్చాను.

ఆముదం వాళ్ల ఇంట్లోదే. చెనక్కాయ చేను గట్ల మీద వేసిన ఆముదపు గింజలతో ఆమె అత్త చేసేది, ఇప్పుడు ఈమె చేస్తుంది. గింజలను మంగలంలో దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, ఆ ముద్దను పెద్ద కుండలో నీళ్లు పోసి ఉడకబెడితే నూనె పైకి తేలుతుంది. దానిని గరిటెతో మెల్లగా తేర్చి వేరే గిన్నెలోకి తీసి, చిటపటమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా మళ్లీ కాచాలి. ఆ చప్పుడు ఆగడమే నీరు పోయిందనడానికి గుర్తు. దీన్నే వంటాముదం అంటారు. ఆమె తెచ్చిన సీసాను వెలుగులో పట్టి చూస్తే తేనె రంగులో, అడుగున మడ్డి లేకుండా, వేయించిన గింజ వాసనతో ఉంది. ఈ పాత పద్ధతిలో ఉన్న మేలు చాలామందికి తెలియదు. ఆముదపు గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అది నూనెలోకి రాదు, నీటిలో కరిగే మాంసకృత్తు, మరిగే వేడికి చెడిపోతుంది. కాబట్టి పచ్చి గింజ నమలడం ప్రాణాపాయం, కాచి తీసిన నూనె ఔషధం. నూనెలో దాదాపు తొంభై శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. పేగులోని ప్రత్యేక గ్రాహకాలను అది తాకి కదలికను పెంచుతుందని 2012లో పరిశోధకులు తేల్చారు. గర్భిణులకు, పేగుకు అడ్డు ఉన్నవారికి, కారణం తెలియని కడుపునొప్పి ఉన్నవారికి ఆముదం పోయకూడదు.

రెండో వారానికి విరేచనం రోజూ ఉదయాన్నే, జిగట లేకుండా కాసాగింది. నాకు ఆసక్తిగా కనిపించినదేమంటే, ఉదయపు బిగువు కూడా ఆ వారంలోనే పదిహేను నిమిషాల నుంచి ఐదారు నిమిషాలకు దిగింది. నడకలో నొప్పి మాత్రం అప్పటికి పెద్దగా తగ్గలేదు. అది మెల్లగా, మరో రెండు నెలలకు తగ్గింది. బిగువు కడుపుతో పాటు కదిలింది, అరుగుదల నొప్పి కండరం బలపడే కొద్దీ కదిలింది అని నేను అర్థం చేసుకున్నాను.

కండరం కోసం చేయించింది సులభమైన పనే. మంచం మీద వెల్లకిలా పడుకొని, ఒక కాలు ముడిచి, రెండో కాలు మోకాలు వంచకుండా జానెడెత్తు లేపి, పది లెక్కపెట్టే వరకు పట్టి దించడం. కాలికి పదిసార్లు, రోజుకు రెండు పూటలు. గొంతుకూర్చొని కాయలు ఒలవడం మానిపించి, మోకాలి ఎత్తు పీట ఒకటి కొడుకుతో చేయించాను. మరుగుదొడ్డిలో మధ్యన రంధ్రం చేసిన ప్లాస్టిక్ కుర్చీ పెట్టించాను. వాపు పోయి కీలు చల్లబడ్డాక, సెప్టెంబరు నుంచి నూనె తిరిగి ఇచ్చాను: మహానారాయణ తైలం గోరువెచ్చగా రాసి, వావిలాకు వేసి మరిగించిన నీళ్లతో కాపడం. జూలైలో కీడు చేసిన నూనె మర్దనమే సెప్టెంబరులో మేలు చేసింది.

నల్లేరు గురించి ఆమె తానే అడిగింది. వాళ్ల కంచె నిండా ఉంది. నాలుగు పలకల ఈ తీగను శాస్త్రం అస్థిశృంఖల అంటుంది. విరిగిన ఎముకకు బలమని, ఆకలి పుట్టిస్తుందని రెండు గుణాలూ చెప్పింది. మా పల్లెల్లో పచ్చడిగా తింటారు. లేత కణుపులు మాత్రమే కోసి, చేతికి నూనె రాసుకొని ఈనెలు తీసి, నూనెలో బాగా వేయించి, చింతపండు చేర్చి నూరాలి. లేకపోతే అందులోని సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గొంతు దురద పెడతాయి. ఆ ఆక్సలేట్ కారణంగానే మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారికి నేను నల్లేరు వద్దంటాను. మా ఎండల్లో, తక్కువ నీళ్లు తాగే అలవాటులో రాళ్లు అరుదేమీ కాదు. ఈమెకు రాళ్ల చరిత్ర లేదు కాబట్టి వారానికి రెండు రోజులు తినమన్నాను.

డిసెంబరులో మళ్లీ పరీక్షలు చేయించాను. దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఒంట్లో స్టెరాయిడ్ ఉన్నప్పుడు వాపును చూపే ఈఎస్ఆర్ అణిగి ఉంటుంది, వాపుతో కూడిన కీళ్ల జబ్బు అసలు రూపం బయటపడదు. జూలైలో వచ్చిన అంకెలను నమ్మి కూర్చోవడం మరో పొరపాటయ్యేది. స్టెరాయిడ్ ఆపిన మూడు వారాలకు తీసిన ఈఎస్ఆర్ 22, యాంటీ సీసీపీ ఈసారీ లేదు, చేతివేళ్ల కీళ్లలో వాపు లేదు. అరుగుదలే అసలు జబ్బని అప్పుడే నమ్మకంగా చెప్పగలిగాను. హిమోగ్లోబిన్ 11.2కు పెరిగింది, హెచ్‌బీఏ1సీ 6.1కి దిగింది, బరువు 66.5 కిలోలయింది, ముఖం ఉబ్బు పోయింది. నొప్పి ఎనిమిది నుంచి మూడుకు తగ్గింది.

ఇందులో కషాయం వాటా ఎంత, ఆముదం వాటా ఎంత అని అడిగితే విడదీసి చెప్పలేను. నాలుగున్నర కిలోల బరువు తగ్గడం మోకాలికి చిన్న విషయం కాదు, అందులో స్టెరాయిడ్ మానడం వల్ల తగ్గినదీ ఉంది. వ్యాయామం, పీట, కుర్చీ, ఇనుము మాత్రలు, డైక్లోఫెనాక్ మానడం అన్నీ కలిసే పనిచేశాయి. ఒక రోగి అనుభవాన్ని పట్టుకొని రాస్నాసప్తకం అరిగిన కీలును తిరిగి మొలిపిస్తుందని ఎవరైనా చెబితే అది అబద్ధం. ఎక్స్‌రేలో ఆ సందు ఎంత ఉండేదో అంతే ఉంది. నేను నమ్మకంగా చెప్పగలిగింది, ఆకలి తిరిగి రాకముందు నూనె మర్దన ఆమెకు కీడే చేసింది, వచ్చాక చిన్న మోతాదులే పనిచేశాయి.

కషాయం పన్నెండు వారాలకు ఆపాను. ఆముదం సంక్రాంతి నుంచి నెలకు రెండుసార్లకు తగ్గింది. 2024 ఫిబ్రవరిలో ఆమె మళ్లీ వచ్చినప్పుడు కోడలు తోడు రాలేదు, ఒంటరిగా బస్సు దిగి నడిచి వచ్చింది. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు ఇంకా నొప్పిస్తుందని, చప్పుడు వస్తుందని చెప్పింది. ఆ మోకాలికి ముందు ముందు శస్త్రచికిత్స అవసరం పడవచ్చునని, ఏడాదికోసారి ఎముకల వైద్యునికి చూపించాలని చెప్పాను. రేకు డబ్బా ఏదని అడిగితే, పక్కింటామెకు ఇచ్చానంది. ఆమెకూ మోకాళ్లేనట, ఆమెకూ ఆకలి లేదట, సంతలో పొట్లాలు ఆమే మొదట కొనేదట. ఆ పక్కింటామెను పొట్లాలు తనంతట తానుగా ఆపవద్దని, అన్నీ తీసుకొని మరుసటి రోజు ఉదయమే రమ్మని చెప్పి, ఈమె చేతనే అక్కడి నుంచి ఫోన్ చేయించాను.